పొరలు పొరలుగా పెరుగు, పండ్లు: మన కొండల పంటతో ఇంట్లోనే పార్ఫే



ఈ నెల పాఠం ఒక చిరుతిండి గురించి. పట్నంలో హోటళ్లలో గాజు గ్లాసులో పెరుగు ఒక పొర, పండ్ల ముక్కలు ఒక పొర, వేయించిన గింజలు ఒక పొరగా వేసి ఇస్తారు. దానిని పార్ఫే అంటారు. ఫ్రెంచి భాషలో ఈ మాటకు ‘లోపం లేనిది’ అని అర్థం. పేరు కొత్తదే గాని, దానికి కావలసినవన్నీ మన అరకులోయ సంతలో దొరికేవే. పిల్లలకు, బాలింతలకు, జబ్బు నుండి కోలుకుంటున్న వారికి ఇది మంచి ఆహారం. అయితే రక్తహీనత ఉన్న తల్లులు దీనిని ఏ వేళ తినాలో తెలుసుకొని తినాలి. ఆ సంగతి తప్పక చదవండి.

పెరుగు ఎందుకు?

మన కొండ గ్రామాలలో కొన్ని కుటుంబాలకు పాలు తాగే అలవాటు లేదు. ఆవు పాలు దూడకే అనుకునేవారు ఉన్నారు. అలవాటు లేనివారు ఒకేసారి గ్లాసెడు పాలు తాగితే కడుపు ఉబ్బరం, విరేచనాలు కావచ్చు. పాలలోని చక్కెర అరగకపోవడమే దీనికి కారణం. పాలు తోడుకునేటప్పుడు మేలు చేసే సూక్ష్మజీవులు ఆ చక్కెరలో కొంత భాగాన్ని పులుపుగా మారుస్తాయి. అందువలన చాలామందికి పాలకంటే పెరుగు తేలికగా అరుగుతుంది. రోజుకు రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకోవచ్చు.

పెరుగులో మాంసకృత్తులు, కాల్షియం ఉంటాయి. దానికి మన చోళ్లు తోడైతే ఇంకా మంచిది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల చోళ్లలో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అదే తెల్ల బియ్యంలో 10 మిల్లీగ్రాములు కూడా ఉండదు.

కావలసినవి (చిన్న గ్లాసులు 4)

పాలు అర లీటరు. తోడుకు పెరుగు 1 చిన్న చెంచా. చోడి పిండి 4 పెద్ద చెంచాలు. వేయించి దంచిన వలిసెలు లేక వేరుశనగ గుళ్లు 2 పెద్ద చెంచాలు. బెల్లం తురుము 2 పెద్ద చెంచాలు. అటుకులు లేక మరమరాలు గుప్పెడు. పండ్ల ముక్కలు 2 కప్పులు.

చేయు విధానం

1. పాలు బాగా పొంగనిచ్చి, సన్నని మంట మీద కలుపుతూ మరో 3 నిమిషాలు కాయాలి. పచ్చి పాలతో క్షయ, బ్రూసెల్లా జ్వరం వంటి జబ్బులు రావచ్చు. కాచకుండా తోడు పెట్టరాదు.

2. పాలు గోరువెచ్చగా అయ్యాక తోడు వేయాలి. మన లోయలో చలికాలం పెరుగు త్వరగా తోడుకోదు. గిన్నెకు దుప్పటి చుట్టి పొయ్యి దగ్గర వెచ్చని చోట ఉంచితే తెల్లవారేసరికి తోడుకుంటుంది.

3. తోడుకున్న పెరుగును ఉడికించి ఆరబెట్టిన పలుచని గుడ్డలో మూటకట్టి గంటసేపు వేలాడదీయాలి. నీరు కారి పెరుగు గట్టిపడుతుంది. ఆ నీటిని పారబోయవద్దు. అంబలిలో, పప్పులో పోసుకోవచ్చు.

4. చోడి పిండిని నూనె లేకుండా సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేవరకు వేయించాలి. చల్లారాక బెల్లం, దంచిన వలిసెలు కలపాలి. అటుకులను విడిగా కరకరలాడేలా వేయించుకోవాలి.

5. గ్లాసులో ముందుగా చోడి పొడి, దానిపై పెరుగు, దానిపై పండ్లు వేయాలి. మరల అదే వరుసలో ఇంకొకసారి వేసి, చివర అటుకులు చల్లాలి. అన్నీ ముందే కలిపేస్తే అటుకులు మెత్తబడతాయి. అందుకే తినే ముందే పొరలు వేయాలి. గాజు గ్లాసు లేకపోతే స్టీలు గ్లాసైనా, అడ్డాకు డొప్పైనా చాలు.

ఏ కాలంలో ఏ పండు?

చలికాలంలో సీతాఫలం, జామ, వేసవిలో మామిడి, పనస, వానాకాలంలో అనాస, ఏడాది పొడవునా అరటి, బొప్పాయి. లంబసింగి వైపు చలికాలంలో స్ట్రాబెర్రీ కూడా పండిస్తున్నారు. ఖరీదైన పండు కొననక్కరలేదు. 100 గ్రాముల జామలో సుమారు 200 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది. పెరటి జామ చెట్టు ఉన్న ఇంటికి ఇంతకంటే ఏమి కావాలి?

అనాసతో ఒక జాగ్రత్త. పచ్చి అనాసలో మాంసకృత్తులను విడగొట్టే గుణం ఉంది. పెరుగులో కలిపి ఉంచితే చేదెక్కుతుంది. ముక్కలను కొద్దిగా నీళ్లతో 3 నిమిషాలు ఉడికించి చల్లార్చి వేసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. సీతాఫలం గింజలు విషపూరితం. ఒక్కటి కూడా మిగలకుండా తీసివేయాలి.

ఐరన్ మాత్రకు ఎడం ఉండాలి

తల్లులారా, ఇది గుర్తుంచుకోండి. గర్భిణులకు నాలుగవ నెల నుండి 180 రోజులు, ప్రసవం తరువాత మరో 180 రోజులు రోజుకొక ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇస్తారు. పెరుగులోని కాల్షియం ఆ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. పార్ఫేకు, ఐరన్ మాత్రకు మధ్య కనీసం 2 గంటల ఎడం ఉండాలి. కాల్షియం మాత్రకు కూడా ఇదే నియమం. టీ, కాఫీ కూడా మాత్రతో పనికిరావు, మన తోటల కాఫీ అయినా సరే. మాత్రను నిమ్మరసం కలిపిన నీళ్లతోగాని, జామ ముక్కతోగాని వేసుకుంటే బాగా పడుతుంది. కాబట్టి మాత్ర రాత్రి వేసుకునేవారు పార్ఫేను ఉదయం గాని, మధ్యాహ్నం గాని తినండి.

సికిల్ సెల్ జబ్బులో రక్తం తగ్గడానికి కారణం వేరు. అది ఉన్నవారు డాక్టరు చెప్పకుండా ఐరన్ మాత్రలు మొదలుపెట్టరాదు. ఈ జబ్బును నిర్మూలించడానికి కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. పరీక్ష చేయించుకోనివారు చేయించుకోండి.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

• 6 నెలల లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప మరేమీ పెట్టరాదు.
• ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించరాదు. కొండ తేనె ఎంత స్వచ్ఛమైనదైనా, అందులో పసిబిడ్డకు ప్రాణాపాయం కలిగించే సూక్ష్మజీవి ఉండవచ్చు.
• 5 ఏళ్ల లోపు పిల్లలకు వేరుశనగ గుళ్లు మెత్తగా దంచి పెట్టాలి. లేకపోతే గొంతుకు అడ్డుపడవచ్చు.
• చక్కెర వ్యాధి ఉన్నవారు బెల్లం, తేనె మానాలి. సీతాఫలం, మామిడి బదులు కొద్దిగా జామ వేసుకోవాలి.
• మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగి తినాలి.
• ఎవరైనా చేతులు సబ్బుతో కడుక్కొని, పండ్లు కోయకముందే శుభ్రమైన నీటితో కడగాలి. ఫ్రిజ్ లేని ఇళ్లలో 2 గంటల లోపే తినేయాలి. మిగిలినది రేపటికి దాచి పిల్లలకు పెట్టవద్దు.

సామెతల గ్రంథము 25వ అధ్యాయంలో తేనె దొరికినా తగినంతే తినమని హెచ్చరిక ఉంది. మంచి ఆహారానికి కూడా కొలత, వేళ ఉన్నాయి. పార్ఫే అన్నానికి బదులు కాదు. పిల్లలు బడి నుండి రాగానే ప్యాకెట్ చిప్స్‌కు బదులుగా ఇది పెట్టండి. చూడగానే పిల్లలు ఇష్టపడతారు.

కుటుంబంలో మాట్లాడుకోవడానికి

1. ఈ నెలలో మన పెరట్లో, మన సంతలో ఏ పండ్లు ఉన్నాయి?
2. మన ఇంట్లో ఐరన్ మాత్ర వేసుకునేవారు ఎవరు? ఏ వేళ, దేనితో వేసుకుంటున్నారు?
3. ఒక వారంలో చిప్స్, బిస్కెట్లకు ఎంత ఖర్చవుతోంది? ఆ డబ్బుతో ఎన్ని పాలు, పండ్లు వస్తాయి?