కట్టకముందే కరెంటు లెక్క

అద్దాల మేడ చూడటానికి బాగుంటుంది. మే నెల ఎండలో దాన్ని చల్లబరచడానికి ఎంత కరెంటు కావాలన్నది అసలు ప్రశ్న. జవాబు పునాది తీయకముందే దొరకాలి. అందుకే 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2007లో ఇంధన పొదుపు భవన నియమావళిని (ఈసీబీసీ) తెచ్చింది, 2017లో సవరించింది. కనెక్టెడ్ లోడ్ 100 కిలోవాట్లు లేదా కాంట్రాక్ట్ డిమాండ్ 120 కేవీఏ, ఆపైన ఉన్న వాణిజ్య భవనాలు దీని పరిధిలోకి వస్తాయి.

ఈ నియమావళిలో భవనం మొత్తం పనితీరును తేల్చే పద్ధతికి సాఫ్ట్‌వేర్ తప్పనిసరి. గోడలు, పైకప్పు, అద్దాలు, దీపాలు, ఏసీల వివరాలకు స్థానిక వాతావరణ సమాచారం జోడిస్తే, ఎనర్జీప్లస్ వంటి ప్రోగ్రామ్ ఏడాదిలోని 8,760 గంటలకూ ఇంధన వాడకాన్ని అంచనా కడుతుంది. అదే కొలతలతో, నియమావళి కనీస ప్రమాణాలతో ఒక ‘ప్రామాణిక భవనం’ కూడా కంప్యూటర్‌లోనే తయారవుతుంది. ప్రతిపాదిత భవనం దానికంటే ఎక్కువ వాడకూడదు.

ఊరు మారితే ఫలితమూ మారుతుంది. హైదరాబాద్‌ది మిశ్రమ వాతావరణ మండలం, విశాఖది ఉష్ణ ఆర్ద్ర మండలం.



రెండు భవనాలను పోల్చేటప్పుడు తికమకపడేది ఇక్కడే: ఈపీఐ (ఎనర్జీ పెర్ఫార్మెన్స్ ఇండెక్స్) అంటే చదరపు మీటరుకు ఏటా ఖర్చయ్యే యూనిట్లు. ఈపీఐ నిష్పత్తి అంటే ప్రతిపాదిత భవనపు ఈపీఐని ప్రామాణిక భవనపు ఈపీఐతో భాగిస్తే వచ్చేది. అది 1 దాటితే భవనం నియమావళికి లోబడనట్టే.