పాళెములో అడిగిన స్వాస్థ్యము

చదువవలసిన భాగములు: సంఖ్యాకాండము 26:52-56, 27:1-11, యెహోషువ 17:3-6



2008లో క్రొత్త రేవు తెరచినది మొదలు మన కృష్ణపట్నములో పెద్ద ఓడలు బొగ్గు దింపుట మీరు చూచుచున్నారు. 1964లో విశాఖపట్నపు రేవునకు బర్మానుండి వచ్చిన ఓడలు మనుష్యులను దింపినవి. వారు మన తెలుగువారే. వారి పెద్దలు బ్రదుకుతెరువు వెదకుకొనుచు సముద్రము దాటి, రంగూను రేవులోను బియ్యపు మిల్లులలోను కూలిచేసినవారు. కోరంగి రేవును బట్టి అక్కడివారు వారిని కొరంగీలని పిలిచెడివారు. 1941 డిసెంబరులో రంగూనుపై బాంబులు పడగా లక్షలమంది భారతీయులు కాలినడకన అడవిదారులు పట్టిరి. వేలమంది దారిలోనే రాలిపోయిరి. యుద్ధము ముగిసిన పిమ్మట కొందరు తిరిగి వెళ్లిరి. 1962లో నే విన్ సైనిక ప్రభుత్వము వచ్చెను. 1964లో దుకాణములు ప్రభుత్వపరమయ్యెను. ఆ మే నెలలోనే ఏబది, నూరు క్యాట్ల నోట్లు చెల్లకపోయెను. ఇక ఓడ ఎక్కక తప్పలేదు.

మన ప్రభుత్వము వారిని తాత్కాలిక శిబిరములలో ఉంచి, ఇండ్లకును వ్యాపారములకును అప్పులిచ్చెను. బర్మానుండియు సింహళమునుండియు తిరిగివచ్చినవారి కొరకే 1969లో మద్రాసులో రెప్కో బ్యాంకు స్థాపించిరి. ఇది చిన్న ఉపకారము కాదు. అయినను విశాఖలో కంచరపాలెము దగ్గర ఆ చోటికి బర్మా క్యాంపు అను పేరు నేటికిని పోలేదు. అరువది ఏండ్లు గడచినను క్యాంపే!

మన బైబిలులో ఇశ్రాయేలీయుల గుడారముల చోటును పాళెమని వ్రాసిరి. మన తీరమున ప్రతి పల్లెకారుల ఊరును పాళెమే గనుక ఈ మాట మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

మోయాబు మైదానములలో ప్రజలింకను పాళెములోనే యుండగా జనసంఖ్య వ్రాసిరి. ఆ లెక్కనుబట్టి భూమి పంచవలెను. లెక్కలో ఎక్కినవారు పురుషులు. సెలోపెహాదు అరణ్యములో చనిపోయెను, అతనికి కుమారులు లేరు. అనగా ఆ ఇంటికి పట్టా లేదన్నమాట. అప్పుడు మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను అయిదుగురు అక్కచెల్లెండ్రు మోషే యెదుటను, యాజకుని యెదుటను, ప్రధానుల యెదుటను నిలిచి తమ తండ్రి పాలు తమకిమ్మని అడిగిరి. వారడిగినది మన్నా కాదు. అది అందరికిని దొరకుచునే యున్నది. దేవుడు వారి మాట న్యాయమైనదని తీర్పు చెప్పెను.

అంతటితో పని ముగిసెనా? యెహోషువ 17 చూడుడి. యొర్దాను దాటి భూమి పంచునాటికి మోషే లేడు. ఆ అయిదుగురు ఎలియాజరు నొద్దకును యెహోషువ నొద్దకును మరల పోయి, పాత ఆజ్ఞను జ్ఞాపకము చేయవలసి వచ్చెను. ఉత్తరువు ఉండుట వేరు, నేల చేతికి వచ్చుట వేరు. కచ్చేరీ మెట్లు ఎక్కిన ప్రతివానికిని ఇది తెలియును.

2004 డిసెంబరు 26న ఉప్పెన మన నెల్లూరు తీరమును కొట్టినది. అట్టి దినములలో మొదటి వారము గంజికిని దుప్పట్లకును కొదువ యుండదు. మన సంఘములు ఆ విషయములో వెనుకాడవు. మూడవ నెలలో మాత్రము ఎవరును కనబడరు. ఇంటి స్థలముల జాబితా వ్రాయునది అప్పుడే. మన రాష్ట్రములో ఇంటి పట్టాలు స్త్రీల పేరనే ఇచ్చుచున్నారు, మంచిదే. గాని అత్తగారి కార్డులో పేరున్న విధవరాలైన కోడలికి, కాగితములన్నియు నీటిపాలైన ముసలమ్మకు అర్జీ వ్రాయువారెవరు? చదువు వచ్చిన యౌవనస్థుడొకడు ఆమెతోకూడ తహశీల్దారు కార్యాలయమునకు పోయి, అర్జీ ఇచ్చి, రసీదు తీసికొనవలెను. పని కాకపోయిన మరల పోవలెను. ఇది ఆత్మీయ కార్యము కాదని పెదవి విరచువారు కొందరున్నారు. మోషే ఆ అయిదుగురి వ్యాజ్యెమును యెహోవా సన్నిధికే తీసికొనిపోయెను.

తిర్సా తరువాత ఇశ్రాయేలు రాజులకు రాజధాని ఆయెను. 1910లో సమరయలో త్రవ్వగా సిరాతో వ్రాసిన కుండపెంకులు దొరికినవి. ద్రాక్షారసము, నూనె ఏ ఊరినుండి వచ్చెనో వ్రాసికొన్న లెక్కలవి. వాటిలో నోయా, హొగ్లా అను పేర్లు నేల పేర్లుగా ఉన్నవి.