ఒక కంప్యూటరు – రెండు వ్యవస్థలు

ఒకే లోగిలిలో అన్నదమ్ములు వేరు పొయ్యిలు పెట్టుకొని సఖ్యముగా నుండుట మన గ్రామములలో చూచుచునే యున్నాము. కంప్యూటరునందును ఇట్టి ఏర్పాటు సాధ్యమే. ఒక డిస్కులో విండోస్, మరియొక డిస్కులో లినక్స్ ఉంచుకొని, అవసరమును బట్టి దేనినైనను నడుపుకొనవచ్చును.

ఇందలి ప్రయోజనము

విండోస్ 10 వ్యవస్థకు మైక్రోసాఫ్ట్ వారు 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతును ముగించిరి. విండోస్ 11 కోరు టి.పి.ఎం. 2.0 అను భద్రతా సాధనము పెక్కు పాత యంత్రములలో లేదు. అంతమాత్రమున వాటిని పారవేయ నక్కరలేదు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ ఆధారముగా నిర్మితమైన ఉబుంటు వంటి వ్యవస్థలు ఉచితముగా లభించును. అయితే జమాఖర్చుల ప్రోగ్రాములు కొన్ని విండోస్‌లోనే నడచును. కావున లెక్కలకు విండోస్‌ను, ఇంటర్నెట్ పనులకు లినక్స్‌ను వాడుకొనుట యుక్తము.

ఒక పొరపాటు

ఒక గ్రామ గ్రంథాలయమున మేము చూచిన సంగతి చెప్పెదము. అచ్చటి రెండు డిస్కులును 500 గిగాబైట్లవే. లినక్స్ స్థాపించుచున్న యువకుడు తెరపై కనిపించిన రెండు పేర్లలో ఏది పాతదో గుర్తింపలేక, ఒకదానిని ఎన్నుకొని తుడిచివేయుటకు అనుమతి నిచ్చెను. సభ్యుల జాబితా, పుస్తకముల పద్దు పోయినవి. నిర్వాహకుడు పాత కాగితములు వెదకి అన్నియు మరల వ్రాసికొనవలసి వచ్చెను. ఆ యువకుడు తెలివిలేనివాడు కాడు. రెండు డిస్కులును తగిలించి యుండుటయే పొరపాటునకు చోటిచ్చినది.

చేయవలసిన పద్ధతి

1. ముందుగా ముఖ్యమైన ఫైళ్ళన్నిటిని ఈ రెండు డిస్కులు గాక మూడవ చోట నకలు తీసికొనవలెను.

2. విండోస్‌లో బిట్‌లాకర్ అను తాళము ఉన్నచో, దాని 48 అంకెల పునరుద్ధరణ సంఖ్యను కాగితముపై వ్రాసి దాచవలెను. ఫాస్ట్ స్టార్టప్ అను సౌకర్యమును తీసివేయవలెను. అది ఉన్నచో యంత్రమును ఆపినను విండోస్ సగము నిద్రలో నుండును. ఆ స్థితిలో లినక్స్ నుండి దాని డిస్కుపై వ్రాసినచో ఫైళ్ళు చెడవచ్చును.

3. కంప్యూటరును ఆపి, కరెంటు తీగను గోడనుండి తీసివేసి, పెట్టె తెరచి, విండోస్ డిస్కు కేబులును విప్పవలెను. ఇదియే ఈ పాఠములోని ప్రధానాంశము. యంత్రమునకు కనబడని డిస్కును ఎవరును తుడిచివేయలేరు. లినక్స్‌ను ప్రారంభించు భాగము కూడ పాత డిస్కులో చేరక, క్రొత్త డిస్కులోనే యుండును.

4. క్రొత్త డిస్కును తగిలించి, ఉబుంటు నింపిన పెన్‌డ్రైవుతో స్థాపన జరుపవలెను. పెన్‌డ్రైవు 8 గిగాబైట్లకు, డిస్కులో ఖాళీ 25 గిగాబైట్లకు తక్కువ కారాదు. విండోస్ యు.ఇ.ఎఫ్.ఐ. పద్ధతిలో నడచుచున్నచో లినక్స్‌ను కూడ ఆ పద్ధతిలోనే స్థాపింపవలెను.

5. లినక్స్ సరిగా నడచుచున్నదని చూచుకొని, యంత్రమును ఆపి, కరెంటు తీసి, పాత డిస్కును మరల తగిలింపవలెను. ఇకపై యంత్రము వేయగనే ఎఫ్12 వంటి మీటను నొక్కినచో డిస్కుల జాబితా వచ్చును. ఈ మీట యంత్రమును బట్టి మారును.

తరువాతి జాగ్రత్తలు

లినక్స్ వాడిన పిదప విండోస్ గడియారము 5 గంటల 30 నిమిషములు వెనుకబడినచో భయపడ నక్కరలేదు. యంత్రములోని గడియారమును లినక్స్ అంతర్జాతీయ కాలముగను, విండోస్ స్థానిక కాలముగను లెక్కించుటయే ఇందులకు కారణము. స్థానిక కాలమునే పాటింపుమని లినక్స్‌లో నిర్ణయించినచో ఇది సరియగును. ఇరువైపుల కావలసిన ఫైళ్ళను విండోస్ పద్ధతిలో సిద్ధపరచిన భాగమునందే ఉంచవలెను. లినక్స్ దానిని చదువగలదు గాని, లినక్స్ భాగమును విండోస్ తనంతట చదువజాలదు.

ఈ ఏర్పాటులో ఒక డిస్కు చెడినను రెండవదానితో పని సాగును. ఏ మీట నొక్కవలెనో, ఏ డిస్కులో ఏ వ్యవస్థ ఉన్నదో ఒక చీటీపై వ్రాసి పెట్టెకు అంటించిన మంచిది. మన తరువాత ఆ యంత్రము ముందు కూర్చుండువారికి అది దారి చూపును.