డబ్బా నుంచి రిపోర్టు దాకా

థియేటరు తలుపు తెరుచుకుని "పేషెంటు తాలూకు ఎవరప్పా?" అని సిస్టరు పిలుస్తుంది. కొడుకో కూతురో లేచి వెళ్తే చేతికి వచ్చేది వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బా. అందులో క్యాన్సర్ వల్ల తీసేసిన అమ్మ రొమ్ము, చంకలోంచి తీసిన కొవ్వు ముద్ద ఉంటాయి. లింఫు గ్రంథులు, అంటే మనం బిళ్ళలనేవి, ఆ కొవ్వులోనే దాగి ఉంటాయి. కుప్పం పీఈఎస్ వైద్య కళాశాల లాంటి చోట ఆపరేషన్ జరిగితే డబ్బా ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి పోతుంది. మదనపల్లె, పుంగనూరు లాంటి ఊళ్లలోని చిన్న ఆసుపత్రుల్లో అయితే దాన్ని తిరుపతికో, వేలూరుకో, బెంగళూరుకో చేర్చే పని ఇంటివాళ్ల మీద పడొచ్చు. మదనపల్లె నుంచి తిరుపతి, బెంగళూరు రెండూ దాదాపు 120 కిలోమీటర్లు. ఆ రోజు అమ్మకు చేయగలిగిన పెద్ద సేవ, నన్నడిగితే, ఈ డబ్బాను జాగ్రత్తగా చూసుకోవడమే.

తీసిన ముక్క గంటలోపు 10 శాతం ఫార్మలిన్‌లో మునగాలి. 37-40 శాతం ఫార్మాల్డిహైడ్ ద్రావణం ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు, పులుపెక్కకుండా కొంచెం ఫాస్ఫేట్ లవణాలు కలిపితే ఆ మందు తయారవుతుంది. ముక్కకు పది రెట్లు మందు ఉండాలన్నది లెక్క. అరకిలో ముక్కకు ఐదు లీటర్లన్నమాట! లీటరు డబ్బాలో కుక్కి పంపితే పైపొర గట్టిపడి నడిమధ్య చెడిపోతుంది. ఫార్మలిన్ గంటకు సుమారు ఒక మిల్లీమీటరే లోపలికి ఇంకుతుంది మరి. అందుకే పెద్ద ముక్కకు సెంటీమీటరుకొక గాటు పెట్టి ముంచుతారు. ఏది పైవైపో, ఏది పక్కవైపో తెలిసేలా సర్జన్ ఒక పొట్టి దారం, ఒక పొడుగు దారం కుట్టి వదులుతాడు. ఇంటివాళ్లు చూసుకోవాల్సినవి మూత బిగువు, డబ్బా మీద పేరు, కుడా ఎడమా అన్నది, కాగితం మీద ముక్క తీసిన టైమూ మందులో వేసిన టైమూ. డబ్బాను ఫ్రీజర్లో పెట్టకూడదు, దారిలో తెరవకూడదు. ముక్క ఆ మందులో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా ఉండాలి. శనివారం మధ్యాహ్నం ఆపరేషన్ అయితే మంగళవారం మధ్యాహ్నానికే గడువు తీరుతుంది. ఆదివారం సెలవని ఇంట్లో పెట్టుకుని కూర్చోవద్దు.

ల్యాబులో మొదటి పని గ్రాసింగ్, అంటే కంటితో చూసి కోయడం. పెథాలజిస్టు, అంటే ముక్కను పరీక్షించే డాక్టరు, దాన్ని తూచి, కొలిచి, అంచులకు సిరా పూస్తుంది. తర్వాత మైక్రోస్కోపులో ఆ సిరా దాకా కణితి కనిపిస్తే అంచులో మిగిలిందని అర్థం. చంక కొవ్వు దగ్గరే అసలు ఓపిక కావాలి. వేళ్ల మధ్య నలుపుతూ, కందిగింజంత నుంచి చింతగింజంత దాకా ఉండే బిళ్ళలను ఒక్కొక్కటే ఏరుతుంది. కనీసం పదైనా దొరకాలని ప్రమాణం. ఈ వెతుకులాట ఏ యంత్రానికీ అబ్బలేదు. దొరికిన ప్రతి బిళ్ళనూ 2 మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి, క్యాసెట్లనే చిల్లుల ప్లాస్టిక్ పెట్టెల్లో సర్దుతుంది.

రాత్రంతా క్యాసెట్లు యంత్రంలో తిరుగుతాయి. 70 శాతం నుంచి 100 శాతం దాకా ఆల్కహాల్ నీటిని లాగేస్తుంది, జైలీన్ ఆ ఆల్కహాల్‌ను తోసేస్తుంది, దాని చోటులోకి 60 డిగ్రీల దగ్గర కరిగిన మైనం దిగుతుంది. పొద్దున ఒక్కో ముక్కనూ స్టీలు అచ్చులో నిలబెట్టి మైనం పోసి చల్లారిస్తే బ్లాకు సిద్ధం.

తర్వాత మైక్రోటోమ్ అనే కోత యంత్రం. టెక్నీషియన్ బ్లాకును మంచు మీద చల్లబరిచి, చక్రం తిప్పుతూ 3, 4 మైక్రాన్ల పొరలు కోస్తాడు. వెంట్రుక మందంలో సుమారు ఇరవయ్యో వంతే ఉంటుంది ఒక్కో పొర. ఊపిరి తగిలినా మడత పడుతుంది. పొరల వరుసను కుంచెతో ఎత్తి 45 డిగ్రీల నీళ్ల మీద వదిలితే ముడతలు విచ్చుకుంటాయి; కింద నుంచి గాజు పలక పెట్టి పైకి తేల్చుకుంటాడు. చేయి తిరగడానికి ఏళ్లు పట్టే పని. రిపోర్టు కింద మాత్రం అతని పేరు ఉండదు.

ఆపైన రంగులు. హీమటాక్సిలిన్‌లో ఐదారు నిమిషాలుంచితే కణాల కేంద్రకాలు నీలమవుతాయి. ఇయోసిన్‌లో నిమిషం, రెండు నిమిషాలుంచితే మిగతాదంతా గులాబీ అవుతుంది.

రిపోర్టు కోసం ఎదురుచూసే ఈ రోజుల్లోనే ఇంటి దగ్గర ఇంకో కొలత నడుస్తుంటుంది. చంక నుంచి వచ్చే డ్రెయిన్ గొట్టంలోని నీరు రోజూ ఒకే టైముకు కొలిచి నోటుబుక్కులో రాయాలి. వరసగా రెండు రోజులు 30 మిల్లీలీటర్ల లోపు పడితే సాధారణంగా గొట్టం తీసేస్తారు. అమ్మ అందాకా గుప్పిట మూసి తెరవడం, మోచేయి వంచడం చేయొచ్చు. గోడ మీద వేళ్లు పాకించి చేయెత్తే వ్యాయామం సర్జన్ సరేనన్నాకే. ఆపరేషన్ అయిన వైపు చేతికి సూది, బీపీ పట్టీ వద్దని ప్రతి నర్సుకూ చెప్పాల్సింది పక్కనున్నవాళ్లే.

ల్యాబులో పెథాలజిస్టు మైక్రోస్కోపు ముందు కూర్చుని కణాల అమరిక, కేంద్రకాల రూపం, విభజన వేగం మూడింటికీ మార్కులు వేస్తుంది. మొత్తం 3-5 అయితే గ్రేడ్ 1, 6-7 అయితే 2, 8-9 అయితే 3. బిళ్ళల్లో 2 మిల్లీమీటర్లు దాటిన క్యాన్సర్ మచ్చ ఒక లెక్క, అంతకు చిన్నది ఇంకో లెక్క. రిపోర్టులో 3/14 అని ఉంటే పద్నాలుగు బిళ్ళల్లో మూడింటికి పాకిందని.

చివరిది ఐహెచ్‌సీ, అంటే కణాల్లోని ప్రోటీన్లను యాంటీబాడీలతో గుర్తుపట్టే పరీక్ష. పొరను 95 డిగ్రీల పైన మరగనిచ్చి, యాంటీబాడీలు పోసి, గోధుమరంగు ఎంత తేలిందో చూస్తారు. ఈఆర్ (ఈస్ట్రోజెన్ రిసెప్టర్) ఒక శాతం కణాల్లో కనిపించినా పాజిటివే, హార్మోన్ మాత్రల దారి తెరుచుకుంటుంది. హెర్2 అనే ప్రోటీన్ 3+ అయితే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్. 2+ అయితే ఫిష్ అనే ఇంకో పరీక్ష. మొదటి గంటలో ఫార్మలిన్ అందని ముక్కలో ఉన్న ఈఆర్ కూడా లేనట్టు కనిపించొచ్చు. ప్రైవేటు ల్యాబులో ఐహెచ్‌సీకి సుమారు మూడు నుంచి ఆరు వేలు, ఫిష్‌కు దాదాపు పది వేలు అవుతాయి. సూది బయాప్సీలోనే ఇవి చూసి ఉంటే మళ్లీ అవసరమా అని డాక్టరును, ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్యసేవ ప్యాకేజీలోకి వస్తాయా అని ఆసుపత్రిలోని ఆ పథకం సిబ్బందిని ముందే అడగండి.

రిపోర్టుతో పాటు ల్యాబు పేరు, బ్లాకు నంబరు రాసుకోండి. రెండో అభిప్రాయానికి వేలూరు సీఎంసీకో, బెంగళూరు కిద్వాయికో వెళ్తే కాగితం చాలదు. బ్లాకులు, స్లైడ్లు అడుగుతారు. మైనపు బ్లాకు మామూలు గదిలో ఏళ్ల తరబడి చెడదు. మదనపల్లె చల్లని ఊరే అయినా, మే నెల ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి.