వయసు చాలదన్నారని చదువు మానకు

మరోదా, భిలాయి

చిట్టితల్లికి,

సీనియర్ రోలర్ స్కేటింగ్ జట్టు ఎంపికకు నీ వయసు చాలదన్నారట. ఆ కోపంలో పదో తరగతి కాగానే చదువు ఆపేసి రోజంతా రింకులోనే ఉంటానన్నావని మీ అమ్మ చెప్పి బాధపడింది. ఫోన్లో అయితే నన్ను పూర్తిగా చెప్పనివ్వవు. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు గోడకు అతికించుకున్న ఐస్ స్కేటర్ మావో షిమాదా సంగతే చూడు. 2008 అక్టోబరు 30న పుట్టింది. 2023, 2024, 2025లో వరుసగా ప్రపంచ జూనియర్ చాంపియన్. గాలిలో నాలుగు చుట్లు తిరిగి మంచు మీద దిగగల పిల్ల. అయినా 2026 మిలాన్ ఒలింపిక్స్ ఆమెకు అందలేదు. 2025 జూలై 1కి ముందే పదిహేడేళ్లు నిండాలన్నారు. నాలుగు నెలలు తక్కువయ్యాయి. అలాగని ఆట వదిలిందా? జూనియర్ పోటీల్లోనే దిగి గెలుస్తూ వచ్చింది.

ఎవరి మీద అభిమానంతో ఆమెకు ఆ పేరు పెట్టారో ఆ మావో అసాదాదీ ఇదే కథ. 2005 డిసెంబరులో టోక్యోలో గ్రాండ్ ప్రీ ఫైనల్ గెలిచింది. రెండు నెలల తర్వాత జరిగిన ట్యూరిన్ ఒలింపిక్స్‌కు మాత్రం వయసు చాలలేదు. ఆమె 2010లో వాంకూవర్ వెళ్లి, ఒకే పోటీలో మూడు ట్రిపుల్ ఆక్సెల్ దూకులు వేసి వెండి పతకం తెచ్చుకుంది.

ఇలాంటి నిబంధన నీ మీద పగతో పెట్టింది కాదు. ఎదిగే ఎముకల మీద, లేత మనసు మీద భారం పడకూడదనే 2022లో అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య సీనియర్ వయసును పదిహేను నుంచి పదిహేడుకు పెంచాలని తీర్మానించింది. నీదీ ఎదిగే వయసే. ఆరు నెలల్లో పొడుగు పెరిగితే నిన్నటిదాకా కుదిరిన దూకు ఇవాళ కుదరదు. అప్పుడు కంగారుపడి మోకాళ్లను హింసించకు. నొప్పి పుడితే దాచకుండా ముందు అమ్మకు, తర్వాత కోచ్‌కు చెప్పు.

ఈ లోపు ఏం చేయాలంటావా? పునాది గట్టి చేసుకో. నేను పనిచేసిన రైల్ మిల్లులో, పైకి నున్నగా మెరిసే పట్టాలో కూడా లోపల పగులుంటే అల్ట్రాసోనిక్ పరీక్ష పట్టేసేది. మీ ఆటలోనూ అంతే. మంచు మీద చుట్టు పావువంతు తగ్గినా రీప్లే చూసి గుర్తు పెడతారు. 2022 బీజింగ్‌లో ఒలింపిక్ విజేత యుజురు హన్యూ వేసిన క్వాడ్ ఆక్సెల్‌కు కూడా చుట్టు పూర్తికాలేదనే తేల్చారు. అంతటివాడికే మినహాయింపు లేదు! కాబట్టి కొత్త దూకుల కోసం ఎగబడేకన్నా అంచుల మీద నిలకడ, స్పిన్, సంగీతానికి తగ్గ అడుగు, ఇవి రోజూ చూసుకో.

ఇక చదువు. సోచీ, ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్ రెండింట్లోనూ బంగారం గెలిచిన ఆ హన్యూ, ఆడుతూనే వసేదా విశ్వవిద్యాలయంలో దూరవిద్య ద్వారా చదివి 2020లో పట్టా పుచ్చుకున్నాడు. అతనికి కుదిరింది నీకు కుదరదా? పొద్దున్న రింకు, పగలు బడి, రాత్రి నిద్ర. ఈ మూడింట్లో దేనికీ కోత పెట్టకు.

మన దగ్గర ఐస్ రింకులు అరుదని దిగులు వద్దు. నీలాగే చక్రాల మీద ఆడిన హైదరాబాదీ అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రెండు కంచు పతకాలు తెచ్చాడు. 2013లో తైపీలో ఇన్‌లైన్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అర్జున అవార్డు 2015లో వచ్చింది. ఆ ఏళ్లు ఒకదాని వెంట ఒకటి లెక్కపెట్టి చూడు.

నిబంధన వల్ల నీకు పోయేది ఒకటి రెండు సీజన్లు. కోపంతో బడి మానేస్తే పోయేది అంతకన్నా చాలా ఎక్కువ.

దసరా సెలవులకు సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి రండి. దుర్గ్ స్టేషన్‌కు నేనొస్తాను. స్కేట్లతోపాటు లెక్కల పుస్తకం కూడా తెచ్చుకో, ఇద్దరం కూర్చుని చేద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న