పాత ప్రశ్నకు ఇప్పుడు జవాబివ్వొచ్చా?

ప్రశ్న: మాది నల్లగొండ పక్కన పానగల్లు. ఛాయా సోమేశ్వరాలయంలో నీడ ఎందుకు కదలదని మూడేండ్ల కింద మా మేనమామ చుట్టాల వాట్సాప్ గ్రూపులో అడిగిండు. అప్పుడు ఎవరికీ తెలవలేదు. నాకు ఇప్పుడు తెలిసింది. ఇంత ఆలస్యంగా చెప్తే బాగుంటుందా?

జవాబు: తప్పకుండా చెప్పండి. కందూరు చోడుల కాలం నాటి గుడి గురించిన ప్రశ్న మూడేళ్లకే పాతబడదు. జనం మరిచిపోయేది సందర్భాన్ని. అందుకే ఆయన పాత మెసేజ్‌కే రిప్లై పెట్టండి, విడిగా రాస్తే ఏ నీడో ఎవరికీ అర్థం కాదు. ఆపైన సూటిగా విషయంలోకి రండి: లింగం వెనక గోడ మీది నీడ నేరుగా పడే ఎండ వల్ల వచ్చింది కాదు, స్తంభాల మధ్య నుంచి చెదిరి లోపలికి వచ్చే పగటి వెలుగు వల్ల ఏర్పడింది. సూర్యుడు జరిగినా అది జరగకపోవడానికి కారణం అదే. 'ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు' అని మాత్రం రాయకండి, మిగతావాళ్లు నొచ్చుకుంటారు.

చెప్పడానికి కొత్త సంగతి ఉంటేనే పాత మాట ఎత్తాలి. ఉత్త దండం బొమ్మ కోసం వద్దు. భూమి పంపకాలు, పెళ్లి మాటల్లాంటి పాత తగాదాలను గ్రూపులో అసలే తవ్వొద్దు. మామయ్య పెద్దవారు కాబట్టి ముందు ఫోన్ చేసి చెప్పండి, తర్వాత గ్రూపులో పెట్టండి.