లైటు ఆర్పి గీజర్ వదిలేస్తే ఎలా?

గదిలోంచి బయటికొస్తూ లైటు ఆర్పడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటే. ఆర్పండి, మంచిదే. కానీ 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు దాదాపు 220 గంటలు వెలిగితే ఎంత కరెంటో, 2,000 వాట్ల గీజర్ కాయిల్ గంటసేపు కాలితే అంత! వేడి చేసేవి, చల్లబరిచేవి, రోజంతా తిరిగేవి – మీటరును పరుగెత్తించేవి ఇవే. మన దేశంలో కరెంటు ఎక్కువగా బొగ్గుతోనే తయారవుతుంది కాబట్టి, ఒక్కో యూనిట్‌ వెనక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది.

1. గీజర్ స్నానానికి పావుగంట ముందు వేస్తే చాలు. ఇంట్లోవాళ్లు వెంటవెంటనే స్నానాలు కానిచ్చేస్తే, చల్లారిన నీళ్లను మళ్లీ కాచే పని ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకులో నీళ్లే చురుక్కుమంటాయి, ఇక గీజర్ ఎందుకు?

2. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు లాగితే, బీఎల్‌డీసీ ఫ్యాను 30 దగ్గర ఆగుతుంది. రోజుకు 15 గంటలు తిరిగే హాలు ఫ్యానును మారిస్తే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. చుట్టాలొస్తే తప్ప తిరగని ఫ్యానును మార్చడం మాత్రం దండగ.

3. ఏసీని 24కి తగ్గించకండి. 26లో పెట్టి ఫ్యాను నెమ్మదిగా తిప్పుకున్నా హాయిగానే ఉంటుంది. 18లో పెట్టి దుప్పటి ముసుగేసుకునేవాళ్లకు నేను చెప్పగలిగిందేమీ లేదు.

4. ఫ్రిజ్ తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూయండి. లాగితే బిగువుగా రావాలి. మా ఇంట్లో పైన బాగానే పట్టింది కానీ, కింది మూల నోటు దానంతటదే జారిపడింది. చూస్తే రబ్బరు మడతలో ఎప్పటిదో ఇడ్లీపిండి ఎండిపోయి ఉంది. గోరువెచ్చని సబ్బునీళ్లతో తుడిస్తే మళ్లీ పట్టుకుంది. తుడిచినా పట్టకపోతే రబ్బరు మార్పించండి.

5. కరెంటుతో పాటు వంటగ్యాసూ ఆదా కావాలంటే కందిపప్పు అరగంట, శనగలు రాత్రంతా నానాలి. కుక్కర్లో అన్నం గిన్నె, పప్పు గిన్నె ఒకదానిమీద ఒకటి పెట్టి, మొదటి విజిల్ రాగానే సిమ్‌లోకి దించండి. గిన్నె అంచులు దాటి పైకొచ్చే మంట వేడిచేసేది వంటింటినే.

6. మోటారు వేసి సీరియల్ ముందు కూర్చోకండి. ట్యాంకు నిండగానే ఆపేసే ఫ్లోట్ స్విచ్ పెట్టించుకుంటే, "మీ ట్యాంకు పొర్లిపోతోందండీ!" అని పక్కింటావిడ కేకేయాల్సిన అవసరం ఉండదు.